జాషువాను ఏ సభ పిలిచింది?

ప్రతి ఏడూ సెప్టెంబర్ 28న ఊరూరా జాషువా జయంతి సభలు జరుగుతాయి. విగ్రహానికి దండ వేస్తారు. గబ్బిలం నుంచి నాలుగు పద్యాలు ఎవరో రాగం తీసి చదువుతారు. పేదరికం, కులభేదం అనే ఇద్దరు గురువుల సంగతి ఒక వక్త తప్పకుండా ఎత్తుతాడు. పద్మభూషణ్ దగ్గర చప్పట్లు పడతాయి. ఆ సభలకు మేమూ వెళ్తాం, వెళ్లాలనే అంటాం. కానీ ఆ వేదికల మీద రెండు విషయాలు ఎప్పుడూ తొందరతొందరగా దాటిపోతాయి. ఒకటి, ఆయన క్రైస్తవుడు. రెండోది, రాయడం నేర్చుకునే వయసులో ఆయనకు కూర్చోవడానికి సభ లేదు.

రాసేవాడికి కలం, కాగితం ఉంటే చాలదు. రాసింది వినేవాళ్లు కావాలి. ఇక్కడ గణం తప్పింది, ఇక్కడ కథ జారిపోయింది అని చెప్పే పెద్దవాళ్లు కావాలి. తోటి వయసు వాళ్లతో పోటీ కావాలి. ఇవాళ దాన్ని వర్క్‌షాప్ అంటున్నాం, కథారచన శిబిరం అంటున్నాం. పేరు మారింది, అవసరం అదే. చర్చి హాళ్లలో క్రైస్తవ రచయితల కోసం ఇలాంటి శిబిరాలు పెట్టేవాళ్లూ, వాటికి వెళ్లే మన పిల్లలూ ఉన్నారు. వాళ్లను మనసులో పెట్టుకుని జాషువా జీవితాన్ని ఆయన ముందు మూసుకున్న తలుపుల వైపు నుంచి, తెరుచుకున్న కిటికీల వైపు నుంచి మళ్లీ చెప్పుకుందాం.

ఆయన నవలలు రాయలేదు, పద్యాలు రాశాడు. అందుకని కథా రచయితలకు ఆయనతో పనిలేదనుకుంటే పొరపాటు. ఫిరదౌసి, ముంతాజ మహలు, గబ్బిలం, క్రీస్తు చరిత్ర — ఇవన్నీ కథలు. పాత్ర ఉంది, సంకటం ఉంది, మలుపు ఉంది. తెలుగులో ఒక దళిత క్రైస్తవుడు చెప్పిన కథల్లో ఇంత దూరం వెళ్లినవి అరుదు.

1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కులాలు దాటిన ఆ పెళ్లికి ఇరువైపులా ఆదరణ దొరకలేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఊరి కంటికి మాదిగ పిల్లవాడే. బాప్తిస్మపు పేరు జాషువా. ఇంటిపేరు గుర్రం. ఈ రెండూ కలిపి చూడండి: ముందు తెలుగు ఇంటిపేరు, వెనక బైబిల్ పేరు. ఆ పేరును ఆయన చివరిదాకా మార్చుకోలేదు, కుదించుకోలేదు, కలంపేరు చాటున దాచుకోలేదు. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఆయన పుట్టేనాటికి ఆ ప్రాంతపు మాదిగ పల్లెల్లో క్రైస్తవం వచ్చి ఎంతో కాలం కాలేదు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు పని చూపించాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మతం మారారని వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వెక్కిరింపుకు మా జవాబు ఒకటే: ఆ పల్లెలకు మొదటిసారి వచ్చిన బడి మిషన్ బడి. అక్షరం అక్కడి నుంచే వచ్చింది. జాషువాకు కూడా.

అయితే మిషన్ బడి అక్షరం ఇచ్చింది గానీ పద్యం ఇవ్వలేదు. ఆరాధనలో పాడే కీర్తన ఉంది, ప్రసంగం ఉంది, సాక్ష్యం ఉంది. ఛందస్సు, అలంకారశాస్త్రం, కావ్యపాఠం మాత్రం అగ్రహారంలో ఉన్నాయి. అవి గురువు ముఖతా నేర్చుకోవలసినవి. గురువు ఇంటి అరుగు ఎక్కనివ్వనప్పుడు ముఖతా నేర్చుకోవడం ఎలా?

ఇక్కడ ఇద్దరి పేర్లు చెప్పాలి. దీపాల పిచ్చయ్యశాస్త్రి బాల్యస్నేహితుడు. తర్వాత ఆయనా కవిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ స్నేహంలోనే జాషువాకు పద్యం మీద మనసు పడింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఇద్దరూ బ్రాహ్మణులే. దీన్ని దాచవలసిన పనిలేదు, దీన్ని చూపించి అగ్రహారం మొత్తానికి మంచి పేరు కట్టబెట్టవలసిన పనీ లేదు. ఇద్దరు మనుషులు తలుపు ఓరగా తెరిచారు. వీధి వీధంతా తెరవలేదు. జాషువా మొదటి వర్క్‌షాప్ ఇంతే: ఒక స్నేహితుడు, ఒక గురువు, మూడు సంస్కృత కావ్యాలు. ఆ మూడింటిలో మేఘసందేశాన్ని గుర్తుపెట్టుకోండి.

అప్పటి తెలుగు దేశంలో పద్యకవికి అసలు పరీక్ష అవధాన సభ. సమస్యాపూరణం, దత్తపది, వర్ణన, ఆశువు — అడిగేవాడు అడుగుతుంటే అక్కడికక్కడ పద్యం చెప్పాలి. ఒకవైపు తిరుపతి వేంకట కవులు, మరోవైపు కొప్పరపు సోదరకవులు, వాళ్ల మధ్య పోటీలు. ఒక సభ జరిగిందంటే ఊళ్లో కొన్నాళ్లపాటు దాని ముచ్చటే. కుర్ర కవులకు అదే బడి. పెద్దవాళ్లు పూరణ ఎలా తిప్పారో చూసి నేర్చుకునేవాళ్లు. తామూ నాలుగు ప్రశంసా పద్యాలు రాసుకుని వెళ్లి, సభలో చదివి, నలుగురి కంటా పడేవాళ్లు. కవిగా లోకంలోకి రావడానికి అదొక ఆచారం.

వినుకొండలో కొప్పరపు సోదరకవుల సభ జరిగినప్పుడు జాషువా కూడా ఆ ఆచారం ప్రకారమే పద్యాలు రాసుకుని వెళ్లాడు. పద్యాల్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మనిషిలో దొరికింది. అంటరానివాడు సభలోకి ఎలా వచ్చాడన్న ప్రశ్న లేచింది. పద్యం లోపలికి రావచ్చు, రాసినవాడు బయట ఉండాలి. ఈ లెక్క ఆయనకు జీవితాంతం ఎదురవుతూనే వచ్చింది. తన పద్యాన్ని మెచ్చుకున్నవాళ్లు ఊరూ పేరూ అడిగి, కులం తెలిసేసరికి ముఖం మాడ్చుకుని లేచిపోయే తీరును ఆయన ఒక ఖండికలో అలాగే పట్టుకున్నాడు. అది చదివిన ప్రతి దళిత విద్యార్థికీ తన హాస్టలో, అద్దె ఇల్లో గుర్తొస్తుంది.

ఇటు సభ ఇలా ఉంటే అటు సంఘం ఎలా ఉంది?

జాషువా తొలి రచనల పేర్లు చూడండి: రుక్మిణీ కళ్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువ విజయం. పద్యం నేర్చుకున్నవాడికి చేతికి దొరికిన కథలు అవి. పురాణం తప్ప మరో కథాసామగ్రిని ఆ సభ గౌరవించేది కాదు. కానీ హిందూ దేవుళ్ల మీద రాశాడని క్రైస్తవ మతపెద్దలు ఆయన్ని సంఘం నుంచి వెలివేశారు. వెలి అన్న మాటకు అర్థం మన వాడల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కరలేదు. ఊరు వెలివేసిన వాడను మళ్లీ వెలివేసిన వైనం ఇది. 1910లో మేరీని పెళ్లి చేసుకున్నాడు. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద బతుకు. ఆ ఉద్యోగం కూడా నిలవలేదు.

సంఘపెద్దల వైపు నుంచి ఒక మాట చెప్పాలి. కొత్తగా నిలదొక్కుకుంటున్న సంఘం అది. పాత దేవుళ్లు వెనక్కి లాగుతారేమోనన్న భయం వాళ్లది. ఆ పాత దేవుళ్ల గుడి మెట్లు ఎక్కనివ్వకపోవడం వల్లే వాళ్లు అక్కడిదాకా వచ్చారు గనుక ఆ భయాన్ని మేం ఎగతాళి చెయ్యం. కానీ భయం వాళ్లది, మూల్యం కవిది. సంఘం ఆయన చేతిలోంచి రుక్మిణిని తీసేసుకుంది, బదులుగా ఏ కథా ఇవ్వలేదు. మాదిగ పల్లె కథ రాయమని అడగలేదు, కాలువ తవ్విన చేతుల కథ రాయమనలేదు. రాయకూడనిది చెప్పింది, అంతే.

రెండు తలుపులూ మూసుకున్న ఆ రోజుల్లో ఆయన రాజమండ్రి చేరాడు. 1915-16లో అక్కడ సినిమా హాల్లో వాచకుడిగా చేశాడు. జీవితచరిత్రలు రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మాకైతే ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. అవి మూకీల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంది, మాట ఉండదు. వాచకుడు పక్కన నిలబడి కథ చెప్పాలి, పాత్రల తరఫున మాట్లాడాలి, ఏడిపించాలి, నవ్వించాలి. బొమ్మ ఆగదు గనుక మాట తడబడకూడదు. ఒక్కొక్క రీలూ ఎన్ని ఆటలు ఆడితే అన్నిసార్లు చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ జనం ఎక్కడ కదిలారో, ఎక్కడ దగ్గారో చెవికి తెలుస్తుంది. సంభాషణ నేర్చుకోవడానికి, సన్నివేశాన్ని ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించాలో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఏముంటుంది? పైగా హాల్లో దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో గొంతు వినిపిస్తుంది, కులం కనిపించదు. ఇరవై ఏళ్ల కవికి శ్రోతలు నిండుగా దొరికిన మొదటి చోటు అవధాన సభా కాదు, ఆరాధన మందిరమూ కాదు, టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం కూర్చున్న చీకటి గది.

తర్వాత గుంటూరు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. ఒక సంఘం వెలివేసినవాడికి మరో సంఘపు సంస్థ కుర్చీ వేసింది. క్రైస్తవమంతా ఒకటే ముద్ద కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో పంతులు. ఈ మధ్యలోనే ఉభయభాషా ప్రవీణ అయ్యాడు. అంటే అరుగు ఎక్కనివ్వని చదువుకు పట్టా తెచ్చుకున్నాడు. యుద్ధకాలంలో ప్రభుత్వం తరఫున యుద్ధ ప్రచారకుడిగానూ చేశాడు. కడుపు కోసం చేసిన పనుల జాబితా ఆయనకు పొడుగే.

గుంటూరు ఏళ్లలో రచన ఉప్పెనలా వచ్చింది. 1932లో ఫిరదౌసి. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట నమ్మి, ఏళ్ల తరబడి షానామా రాసిన పారశీక కవి కథ అది. కావ్యం పూర్తయ్యాక సుల్తాను మాట తప్పుతాడు. తెలుగు కవి పారశీక కవిని ఎందుకు ఎంచుకున్నాడు? అందులో హిందూ పురాణం లేదు, సంఘం వెలివెయ్యలేదు. క్రైస్తవ ప్రసంగమూ లేదు, సభ ముఖం తిప్పుకోలేదు. రెండు కాపలాల మధ్య నుంచి దారి తీసుకుని ఆయన సరిగ్గా తన కథే చెప్పాడు: పని చేయించుకుని, మెచ్చుకుని, చివరికి మర్యాద ఎగ్గొట్టే లోకం కథ. విద్యార్థులు ఈ ఎత్తును గమనించాలి. తన కథను నేరుగా చెప్పే చోటు లేనప్పుడు, దాన్ని మరో దేశపు మనిషికి తొడిగి చెప్పాడు.

1941లో గబ్బిలం వచ్చింది. ఇక మారువేషం అక్కరలేకపోయింది.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని దూతగా పంపుతాడు. అతని బాధ ప్రియురాలి ఎడబాటు. జాషువా ఆ కథ అచ్చును అలాగే ఉంచి అందులో మనుషుల్ని మార్చేశాడు. యక్షుడి స్థానంలో ఒక అరుంధతీసుతుడు, దక్షిణ దేశపు మాదిగవాడు. ప్రియురాలి స్థానంలో కాశీనాథుడు శివుడు. మేఘం స్థానంలో గబ్బిలం. ఎందుకు గబ్బిలం? హంసలూ చిలకలూ మన కావ్యాల్లో రాజకుమార్తెల పనిమీద తిరిగే పక్షులు. గబ్బిలం ఇంట్లో దూరితే అపశకునం, మనుషులు దాన్నీ తరిమేస్తారు. కానీ గుడి పైకప్పుకు తలకిందులుగా వేలాడే హక్కు దానికి ఉంది. ఆ మనిషికి లేదు. దేవుడి చెవికి అంత దగ్గరగా చేరగలిగినది ఆ వాడలో అదొక్కటే. పూజారి లేని సమయం చూసి మాట చెప్పమని దాన్ని బతిమాలుకుంటాడు. మొత్తం అంటరానితనం ఆ ఒక్క ఏర్పాటులో ఉంది. ఎక్కడా ఉపన్యాసం లేదు. గబ్బిలం వెళ్లే దారిలో తెలుగు వాళ్ల చరిత్ర, కోటలు, కవులు అన్నీ కనిపిస్తాయి. ఆ చరిత్రంతా నాది కూడా అని వెలివాడ నుంచి ఒకడు లెక్క అడుగుతున్నాడన్నమాట.

ఇది ఎవరి కావ్యం అన్న చర్చ మనలో జరిగింది, జరగాలి కూడా. క్రైస్తవుడు శివుడికి మొర పెట్టించడమేమిటని కొందరు అడుగుతారు. గుడిలోకి రానివ్వని దేవుణ్ణి బతిమాలడం దేనికని అంబేద్కరిస్టు మిత్రులు అడుగుతారు. మా మటుకు మాకు అది మొరలా వినిపించదు, సాక్షులముందు పెట్టిన ఫిర్యాదులా వినిపిస్తుంది. వెలివేసిన సంఘానికి కూడా అందులో జవాబుంది: హిందూ దేవుడి గురించి రాశావని శిక్షించారు గదా, ఇదిగో ఆ దేవుడి ముందే మన కులం పేరుతో నిలబడి రాశాను, ఇప్పుడేమంటారు అన్నట్టు.

ఛందస్సు సంగతీ ఇక్కడే చెప్పాలి. వచన కవిత ఊపందుకున్నాక కూడా జాషువా పద్యాన్ని వదల్లేదు. పాతకాలపు వాడని కొందరు పక్కన పెట్టారు. ఆ సభ తలుపుకు వేసిన తాళం ఛందస్సు. తాళంచెవి సంపాదించడానికి సగం జీవితం పెట్టినవాడు, లోపలికి అడుగుపెట్టగానే దాన్ని పారెయ్యాలని అడగడం అన్యాయం. ఇంట్లోనే తాళంచెవి పుట్టినవాళ్లు పారేశారు, వాళ్లకు అది సులువు.

పండితుల సభలో చోటు దొరకని పద్యం ఊళ్లోకి మరో దారిన వెళ్లింది. నాటకం వేదిక మీదుగా. సత్యహరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు అప్పట్లో లేదు. కాటిసీనులో హరిశ్చంద్రుడి వేషగాళ్లు జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు ఎత్తుకునేవాళ్లు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, అయినా ఆ సీను వచ్చేసరికి జనం జాషువా పద్యాల కోసం ఎదురుచూసేవాళ్లు. వన్స్‌మోర్లు పడేవి. చదువురాని కూలీలు, గొల్లలు, సాలెలు, మాదిగలు అర్ధరాత్రి దాకా నేలమీద కూర్చుని విన్నారు. రాజు కాటికాపరి అయిన సీనులో, కాటికాపరుల కులాలకు పక్కనే పుట్టినవాడి పద్యం! దాన్ని ఏ సాహిత్య పరిషత్తూ ఏర్పాటు చేయలేదు. మూకీ వాచకుడి చెవి ఊరికే పోలేదని మా నమ్మకం.

పేరు వచ్చాక సభలు పిలిచాయి. కవికోకిల, మధుర శ్రీనాథ, నవయుగ కవిచక్రవర్తి — బిరుదులు వరసపెట్టాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. అవధాన సంప్రదాయానికి అప్పటికి పెద్దదిక్కు ఆయన. వినుకొండ సభలో లేచిన ప్రశ్నకు ఆ సంప్రదాయపు పెద్దే వంగి సమాధానం చెప్పినట్టయింది. జాషువా దాన్ని తనకు దక్కిన అన్ని గౌరవాల్లోకీ పెద్దదిగా భావించాడు. ఆ సంతోషం ఆయన హక్కు. కానీ ఈ ఘట్టాన్ని చెప్పేవాళ్లు చాలామంది బ్రాహ్మణుడు కాలు తాకడం దగ్గరే ఆగిపోతారు, కథ చెళ్లపిళ్ల ఔదార్యం అయిపోతుంది. ఆ కాలు ఎంత దూరం నడిచి అక్కడికి వచ్చిందన్నది కదా అసలు కథ.

1957 నుంచి రెండేళ్లు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. ఆ కాలంలోనే, 1958లో, క్రీస్తు చరిత్ర వచ్చింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. రుక్మిణి, ధ్రువుడు, శివాజీ, బుద్ధుడు, ఫిరదౌసి, ముంతాజ్, గాంధీ, నేతాజీ — ఇంతమంది కథలు చెప్పాక, బాప్తిస్మపు పేరున్న కవి తన ప్రభువు కథకు వచ్చాడు. ఎవరో రాయమంటే రాసింది కాదు, ఎవరో వద్దన్నారని మానుకున్నదీ కాదు. పశులతొట్టిలో పుట్టి, వడ్రంగి ఇంట్లో పెరిగి, కుష్టురోగుల్ని తాకినవాడి జీవితాన్ని అంటరాని కవి చెప్పాడంటే, అందులో ముట్టుడు అన్న మాటకు వేరే బరువు ఉంటుంది. 1964లో ఆ పుస్తకానికే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడు శాసనమండలి సభ్యత్వం కూడా.

అయినా ఒక విచిత్రం. సాహిత్య సభల్లో జాషువా అంటే గబ్బిలం, క్రీస్తు చరిత్ర మాట అవార్డుల వరసలో ఒక్క క్షణం వినిపించి పోతుంది. చర్చిలో జాషువా పేరే వినిపించదు. ఒకరికి అది మరీ క్రైస్తవం, మరొకరికి మరీ సాహిత్యం. జయంతి సభకు పాస్టరుగారిని పిలవరు, క్రిస్మస్ కార్యక్రమంలో జాషువా పద్యం చదవరు. వెలి రెండువైపులా ఇంకా పూర్తిగా ఎత్తెయ్యలేదనే మాకు అనిపిస్తుంది.

ఇందులో రాజ్యానికీ భాగం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల వాళ్లు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింల్నీ చేర్చలేదు. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక్క శాతం. ఎస్సీ హోదా పోతే అట్రాసిటీ చట్టం రక్షణ కూడా పోతుంది. ఊరు మాత్రం బాప్తిస్మం చూసి కులం మర్చిపోదు. కారంచేడులో 1985 జూలై 17న దాడి చేసినవాళ్లు ఎవరు చర్చికి వెళ్తారు, ఎవరు వెళ్లరు అని అడిగి కొట్టలేదు.

ఈ ఉత్తర్వు రచయితను ఏం చేస్తుందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో మరో పేరు పెట్టుకుని బతికే యువత మన చుట్టూ ఉంది. కథ అచ్చుకు పంపేటప్పుడు ఏ పేరు పెట్టాలి? కథలో ఆదివారం ఆరాధన సన్నివేశం రాస్తే రేపు ఎవరైనా దాన్ని ఆధారంగా చూపిస్తారా? ఈ భయం కల్పన కాదు. ఇందుకే గుర్రం జాషువా అనే పేరు పూర్తిగా, బాహాటంగా అట్టమీద అచ్చవడం గురించి ముందు చెప్పాం.

క్రైస్తవ రచయితల శిబిరాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ కథ తరచూ సాక్ష్యం ఆకారంలోకి ఒదిగిపోతుంది: చీకటిలో ఉన్నాను, ప్రభువు దొరికాడు, వెలుగు వచ్చింది. సాక్ష్యంగా అది నిజమే కావచ్చు. కథగా మాత్రం మారుమనస్సు తర్వాత ఏం జరిగిందన్నది మిగిలిపోతుంది. వెలుగు వచ్చాక కూడా టీకొట్టులో గ్లాసు వేరుగా ఉందా? సంఘంలోనే మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు కూర్చుంటే, మారిన అగ్రకులం వాళ్లు మరో చర్చి కట్టుకుంటే? ఇవి రాస్తే సంఘం పరువు పోతుందంటారు. అటు లౌకిక సాహిత్య సభలో ఇవే రాస్తే, దళిత భాగం బాగుంది గానీ చర్చి భాగం తగ్గించమంటారు. కొప్పరపు సభ, వినుకొండ సంఘం ఇద్దరూ కొత్త బట్టలు వేసుకుని కూర్చున్నారు.

ఆ రెండు భాగాల్నీ కలిపి రాసినవాళ్లు లేకపోలేదు. జి.కళ్యాణరావు అంటరాని వసంతం నవలలో కరువు ఉంది, బకింగ్‌హాం కాలువ ఉంది, శివయ్య సీమోనుగా మారడం ఉంది, మారాక కులం వెంటరావడమూ ఉంది. సంఘం జాషువాను ఏనాడూ అడగని కథ 2000లో అలా అచ్చయింది. జాషువా కూతురు హేమలతా లవణం తండ్రి గురించి రాసింది, ఆయన పేరుతో ఫౌండేషన్ పెట్టి రచయితల్ని సత్కరించింది. స్టూవర్టుపురంలో, నిజామాబాదు జోగినీల మధ్య ఆమె చేసిన పనికి విడిగా మరో వ్యాసం కావాలి.

జాషువా 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశాడు. అంతకు ఐదేళ్ల ముందు నా కథ పేరుతో తన జీవితాన్ని పద్యాల్లోనే చెప్పుకున్నాడు.

శిబిరాలు నడిపే మిత్రులకు ఒక అభ్యాసం సూచిస్తాం. చర్చి హాలైనా, హాస్టలు వరండా అయినా సరే. ముందు గబ్బిలం మొదటి భాగం అందరూ కలిసి పైకి చదవండి, తెలియని మాటలు ఆగి విప్పుకోండి, రెండు మూడు గంటలు పడుతుంది. తర్వాత ప్రతి ఒక్కరినీ తమకు ప్రవేశం లేని ఒక చోటు రాసుకోమనండి: ఊళ్లో ఒకటి, సంఘంలో ఒకటి. ఆ చోటికి తమ తరఫున వెళ్లగలిగేది ఏదో వెతకమనండి. పిల్లి, గాలి, పాలప్యాకెట్టు, కరెంటు బిల్లు, ఏదైనా. అది లోపలికి వెళ్లి ఏం చూసిందో, ఎవరి చెవిలో ఏం చెప్పిందో రెండు పేజీల్లో రాయించండి. రాసినవాటి కింద ఎవరి పూర్తి పేరు వాళ్లను పెట్టమనండి. ఎవరైనా పెట్టలేమంటే బలవంతం చెయ్యకండి, ఎందుకు పెట్టలేకపోతున్నారో ఆ మధ్యాహ్నం దాని మీద కూర్చుని మాట్లాడండి.